టేపులో గ్రంథపాతం

తాళపత్ర ప్రతులను పరిష్కరించేవారికి ‘గ్రంథపాతం’ అన్న మాట సుపరిచితం. ఆకు విరిగిపోయో, పురుగు తినివేసో, వ్రాయసకాని కన్ను ఒక పంక్తి నుంచి మరొక పంక్తికి జారిపోయో నడుమ కొంత భాగం లోపిస్తుంది. అప్పుడు పరిష్కర్త అక్కడ చుక్కలు పెట్టి, ‘ఇచట గ్రంథపాతము’ అని పుట అడుగున వ్రాస్తాడు. పండిత శిక్షణ పొందుతున్న రోజుల్లో మా గురువుగారి నోట ఈ మాట మొదటిసారి విన్నాను. నలభై యేళ్ళ తరువాత, అగ్గిపెట్టెకన్న కొంచెం పెద్దదైన ఒక వీడియో క్యాసెట్టును కంప్యూటరులోకి ఎక్కించడానికి కూర్చున్నప్పుడు అదే మాట మళ్ళీ నోటికి వచ్చింది.

ఆ క్యాసెట్టులో ఉన్నది మా అమ్మ. 2002 వేసవిలో మా తమ్ముడు అమెరికా నుంచి సెలవులకు వచ్చినప్పుడు వెంట ఒక డిజిటల్ కామ్‌కార్డరు తెచ్చాడు. కోనసీమలోని మా ఇంటి వసారాలో అమ్మను కూర్చోబెట్టి, ఆమెకు వచ్చిన స్త్రీల పాటలన్నీ పాడించాడు. వాటిలో ‘ఊర్మిళాదేవి నిద్ర’ ఉంది. అచ్చు పుస్తకాల్లో నేను చూసిన పాఠానికీ అమ్మ పాఠానికీ చాలాచోట్ల తేడా ఉంది. నడుమ ఎనిమిది చరణాలు ఆ పుస్తకాల్లో నాకు ఎక్కడా కనబడలేదు. అమ్మకు ఆ పాట వాళ్ళ మేనత్త నేర్పిందట. వ్రాసుకొన్న కాగితం లేదు. అమ్మ 2008లో వెళ్ళిపోయింది. కనుక ఆ ఎనిమిది చరణాలకు లోకంలో నాకు తెలిసినంతవరకు మాతృక ఒక్కటే, ఆ టేపు.

పాట వినిపిస్తూండగానే చరణాలను కాగితంమీద ఎత్తి వ్రాసి ఉండవలసింది. పిల్లల చేత జీవితమంతా ఎత్తివ్రాత చేయించినవాణ్ణి, ఆ పని మాత్రం నేను చేయలేదు. ‘టేపులో ఉన్నది కదా’ అనుకొన్నాను. ఆ ధీమాకు కారణం ‘డిజిటల్’ అన్న మాట. ఆడియో క్యాసెట్టు అరిగిపోతుంది, వీడియో క్యాసెట్టు రంగు మారుతుంది, డిజిటలుకు చావు లేదని అందరమూ నమ్మిన కాలం అది. ఆ నమ్మకంలో సగం నిజం ఉంది. ఆ సగం ఏదో, మిగిలిన సగం ఎక్కడ విరిగిందో తెలుసుకోవడానికి ఈ యంత్రాల చరిత్ర కొంత చదువవలసి వచ్చింది.

1990ల మొదట్లో ఇళ్ళలో వాడే వీడియోను అంకెలలోకి మార్చాలని జపాను, ఐరోపా దేశాల ఎలక్ట్రానిక్స్ కంపెనీలు ఒక చోట చేరాయి. ముందు పది, ఆ తరువాత యాభైకి పైగా సంస్థలు ఒక ఒడంబడికకు వచ్చాయి. అంతకు ముందు బీటామ్యాక్స్, వీహెచ్ఎస్ అంటూ ఒకరిమీద ఒకరు యుద్ధం చేసి నష్టపోయినవారే ఈసారి ఒకే వ్యాకరణానికి కట్టుబడటం విశేషం. ఆ వ్యాకరణం పేరు డీవీ. 1995లో దాని కెమెరాలు విపణిలోకి వచ్చాయి. సోనీ వారి వీఎక్స్1000 వాటిలో ప్రసిద్ధమైనది. మినీడీవీ అనే చిన్న క్యాసెట్టులోని టేపు వెడల్పు 6.35 మిల్లీమీటర్లు. దానిమీద వ్రాసే తలలు రెండు. అవి ఒక చిన్న డోలుకు ఎదురెదురుగా అమరి ఉంటాయి. ఆ డోలు నిమిషానికి 9000 సార్లు తిరుగుతుంది. టేపు ఏటవాలుగా దాన్ని చుట్టుకొని పోతుంటే, ఒక్కో తల ఒక్కో ఏటవాలు గీత గీస్తుంది. సెకనుకు 300 గీతలు. గీత వెడల్పు 10 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో నూరవ వంతు. ఘంటంతో తాటాకుమీద గీసే గీతతో పోల్చుకోబోయి ఊరుకొన్నాను; పోలిక కుదరదు.

బొమ్మ, ధ్వని, కాలసూచిక అన్నీ ఆ గీతలలోనే ఉంటాయి. బొమ్మను సుమారు అయిదో వంతుకు కుదించి వ్రాస్తారు. అయినా సెకనుకు దాదాపు 36 లక్షల బైట్లు, గంటకు 13 గిగాబైట్లు అవుతుంది. ఈ 13 అన్న అంకెను చదువరులు గుర్తుంచుకోవాలి. తరువాతి కష్టాలలో చాలా భాగానికి అదే మూలం.

కెమెరా నుంచి కంప్యూటరుకు ఆ అంకెలను మోసే తీగ కథ వేరు. 1986లో ఆపిల్ సంస్థలో మొదలై, ఇతరుల సాయంతో పెరిగి, 1995లో ఐ-ట్రిపుల్-ఈ 1394 అన్న ప్రమాణంగా స్థిరపడింది. ఆపిల్ దాన్ని ఫైర్‌వైర్ అన్నది, సోనీ ఐలింక్ అన్నది, కెమెరాల మీద చాలాచోట్ల ఉత్త ‘డీవీ’ అని ఉండేది. ఒకే దేవుడికి మూడు పేర్లు. దుకాణానికి వెళ్ళి ఐలింక్ తీగ అడిగితే లేదనీ, ఫైర్‌వైర్ తీగ మాత్రమే ఉన్నదనీ చెప్పి పంపేవారు! పైగా కెమెరా వైపు నాలుగు పిన్నులు, బల్లమీది కంప్యూటరు వైపు ఆరు పిన్నులు. చిత్రమేమంటే 1995లో కెమెరాకు ఈ ద్వారం ఉన్నది కాని, దానికి ఎదురుగా తెరుచుకొనే ద్వారం సామాన్యుల కంప్యూటర్లకు లేదు. 1999లో ఆపిల్ తన కంప్యూటర్లకు దాన్ని అమర్చింది; ఆ యేడే వచ్చిన విండోస్ 98 రెండవ కూర్పులో దానికి ఆదరణ పెరిగింది. మన ఊళ్ళల్లో మాత్రం పెట్టె విప్పి ఒక కార్డు అదనంగా పెట్టించుకోవలసిందే.

ఇక మా టేపు సంగతి. 2005లో దాన్ని, తమ్ముడు వదిలిపెట్టి వెళ్ళిన కెమెరాను సంచిలో పెట్టుకొని, పెళ్ళి వీడియోలు కూర్చే ఒక స్టూడియోకు వెళ్ళాను. వారు మొదట టేపును తమ కెమెరాలో వేశారు. నీలి తెర తప్ప ఏమీ రాలేదు. ‘టేపు ఖాళీ అండీ మాస్టారూ’ అన్నాడు ఆ కుర్రవాడు. నా గుండె జారింది. అసలు కారణం ఏమంటే, అమెరికాలో కొన్న కెమెరా ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో వ్రాస్తుంది: సెకనుకు సుమారు 30 బొమ్మలు, బొమ్మకు 480 వరుసలు. మనదేశంలో వాడుక పాల్ పద్ధతి: సెకనుకు 25 బొమ్మలు, 576 వరుసలు. టేపు ఒకటే, క్యాసెట్టు ఒకటే, సెకనుకు గీతలూ అవే 300. కాని ఆ గీతలను ఒకరు పదేసి, మరొకరు పన్నెండేసి కలిపి చదువుతారు. ఛందస్సు తెలియనివాడు పద్యాన్ని తప్పు గణాలుగా విరిచినట్లు. అమెరికాలో బిడ్డలున్న ఎన్ని తెలుగు ఇళ్ళల్లో ఇలాంటి ‘ఖాళీ’ టేపులు పారవేశారో!

మా కెమెరానుంచే తీసుకొందామని నేనన్నాక, ముందు దాని పక్కనున్న యూఎస్‌బీ ద్వారానికి తీగ తగిలించారు. బొమ్మ ఎక్కడిదక్కడ ఆగిపోతూ, తపాలా బిళ్ళంత కనబడింది. ఆ కాలపు కెమెరాల్లో యూఎస్‌బీ ఉన్నది చాలావరకు చిన్న కార్డులోని ఫొటోలకే; టేపుమీది బొమ్మ మొత్తం ఫైర్‌వైర్ గుండా మాత్రమే వచ్చేది. మొదటి తరం యూఎస్‌బీ వేగం సెకనుకు 12 మెగాబిట్లు, డీవీలో బొమ్మ ఒక్కదానికే 25 కావాలి. చిన్న బోదెలో పెద్ద కాలువ పట్టదు. చివరకు వాళ్ళ కార్డుకు ఫైర్‌వైర్ తీగ పెట్టి ఎక్కించి, వారం తరువాత ఒక వీసీడీ చేతిలో పెట్టారు.

ఇంటికి వచ్చి వేసి చూస్తే అమ్మ పెదవులు ముందు కదిలి మాట వెనక వస్తున్నది. అక్కడక్కడ బొమ్మ గెంతుతున్నది. ఊర్మిళ పాట సగంలో తెగి, మళ్ళీ రెండు చరణాల అవతల అందుకొన్నది. టేపే పాడైందనుకొని ఊరుకొన్నాను. స్టూడియో వారినీ ఏమీ అనలేదు.

ఆ ఊరుకోవడమే నా జీవితంలోని పెద్ద లేఖక దోషం. ఆనాడు టేపు నిక్షేపంగా ఉన్నది. లోపమంతా ఎక్కించడంలో జరిగింది. ఎలా జరుగుతుందో ఇప్పుడు చెప్పగలను. ఫైర్‌వైర్‌లో వీడియో వచ్చే తీరు, ఒకసారి మాత్రమే చెప్పి ముందుకు సాగిపోయే గురువు వంటిది. కంప్యూటరు ఒక్క క్షణం ఏమరితే ఆ బొమ్మ పోయినట్లే. ‘మళ్ళీ చెప్పండి’ అని అడిగే వీలు ఆ పద్ధతిలో లేదు. గంట టేపు ఎక్కడానికి గంట పడుతుంది, ఆ గంటసేపూ హార్డు డిస్కు సెకనుకు 36 లక్షల బైట్లు తడబడకుండా వ్రాసుకోవాలి. డిస్కు నిండుకొచ్చినా, అందులో ఖాళీ స్థలం ముక్కలుముక్కలుగా ఉన్నా, నడుమ వైరస్ నిరోధకం తనిఖీకి దిగినా బొమ్మలు రాలిపోతాయి. విండోస్ ఎక్స్‌పీకి మరొక గుణం ఉండేది. డిస్కు పనిలో లోపాలు పదేపదే కనబడితే, తనంతట తాను దాన్ని పీఐఓ అనే నిదానపు పద్ధతికి దించివేసేది. యజమానికి ఒక్క మాటైనా చెప్పేది కాదు.

రెండవది 4 గిగాబైట్ల హద్దు. ఫ్యాట్32 పద్ధతిలో అమర్చిన డిస్కుమీద ఒక దస్త్రం అంతకు మించి పెరగదు. డీవీ లెక్కన అది దాదాపు 19 నిమిషాలు. దస్త్రం తెగినచోట సరిగా అందుకోని సాఫ్ట్‌వేర్ అయితే నడుమ భాగం గాలిలో కలుస్తుంది. మా వీసీడీలో పాట తెగినచోటు మొదటినుంచి లెక్కపెడితే పందొమ్మిదో నిమిషం. ఇది తెలిసిననాడు నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

పెదవులకూ మాటకూ పొత్తు కుదరకపోవడానికి మూలం ఇంకా లోతున ఉంది. ఇంటివాడకం డీవీ కెమెరాలలో ధ్వని గడియారం బొమ్మల గడియారానికి గట్టిగా కట్టివేసి ఉండదు. కొంచెం అటూ ఇటూ నడవవచ్చునని ప్రమాణమే అనుమతించింది. ధర తగ్గించడానికి చేసిన వెసులుబాటు అది. కెమెరాలో చూసినప్పుడు తేడా తెలియదు. కంప్యూటరు ధ్వనిని విడదీసి, ‘సెకనుకు సరిగ్గా ఇన్ని నమూనాలు’ అని నమ్మి లెక్క కట్టితే, టేపు చివరికి వచ్చేసరికి తేడా పేరుకొంటుంది. దానికి రాలిపోయిన బొమ్మలు తోడైతే చెప్పనక్కరలేదు.

మరి కాలసూచిక? తమ్ముడు ఒక్కో పాట కాగానే టేపు వెనక్కు తిప్పి అమ్మకు చూపించేవాడు. తనను తాను తెరమీద చూసుకొని ఆమె పడిన సిగ్గు ఇప్పటికీ నా కళ్ళలో ఉంది. మళ్ళీ వ్రాయడం మొదలుపెట్టేటప్పుడు రెండు పాటల నడుమ కొద్దిగా ఖాళీ టేపు మిగిలిపోయేది. ఖాళీ తగిలిందంటే కెమెరా కాలాన్ని తిరిగి సున్న నుంచి లెక్కపెడుతుంది. ఒకే టేపులో అయిదో నిమిషం నాలుగుసార్లు వచ్చిందన్న మాట. కాలసూచికను నమ్ముకొని పని చేసే సాఫ్ట్‌వేర్ అక్కడ ఆగిపోయి టేపు లేదంటుంది.

ఇన్ని చెప్పినా, ఆనాడు నేను ఒక్క కోరిక కోరి ఉంటే సరిపోయేది: ఎక్కించిన మూల దస్త్రాన్ని నాకు ఇమ్మని. దాన్ని మరీ కుదించి, బొమ్మ వైశాల్యం నాలుగో వంతుకు తగ్గించి వీసీడీ చేశారు. మూలం చెరిపివేశారు. వారిదీ తప్పు కాదు. ఆనాటి డిస్కులు 40, 80 గిగాబైట్లు, గంట వీడియోకే 13. ఊరివాళ్ళ పెళ్ళిళ్ళు వరుసలో ఉన్నాయి.

2024లో ఇల్లు సున్నం వేయించేటప్పుడు బీరువా అడుగున టేపులు బయటపడ్డాయి. మొత్తం పదకొండు. కెమెరా కూడా. నా పూర్వ విద్యార్థి ఒకడు, కంప్యూటరు పనిలో ఉన్నవాడు, సాయానికి వచ్చాడు. కాని ఈలోగా తీగకు అవతలి ఒడ్డు కూలిపోయింది. ఆపిల్ తన చివరి ఫైర్‌వైర్ ల్యాప్‌టాప్‌ను 2016 వరకు అమ్మి మానుకొన్నది. ఒకదానికొకటి తగిలించే అడాప్టర్లతో కొన్నేళ్ళు నెట్టుకొచ్చినవారికి 2025లో వచ్చిన మ్యాక్ఓఎస్ 26 ఆ దారినీ మూసింది. అంతర్జాలంలో యూఎస్‌బీ నుంచి ఫైర్‌వైర్‌కు మార్చే తీగ అంటూ వందలకొద్దీ దొరుకుతాయి. మేమూ ఒకటి తెప్పించి మోసపోయాము. అది రెండు చివర్లను కలిపే ఉత్త రాగితీగ. రెండు భాషలకు నడుమ దుబాసీ లేకుండా తాడు కట్టినట్లే.

చివరకు ఆ అబ్బాయి ఎక్కడినుంచో నాలుగు పిన్నుల ద్వారం ఉన్న పాత ల్యాప్‌టాప్ సంపాదించి, దానిలో లినక్స్ పెట్టాడు. దానికి డీవీగ్రాబ్ అని ఒక చిన్న ఉపకరణం ఉంది. అది కాలసూచిక సున్నకు తిరిగినా బెదరదు. టేపుమీది తేదీ, వేళ చూసుకొని ఎక్కడికక్కడ కొత్త దస్త్రం మొదలుపెట్టగలదు.

తీరా నడిపితే తెరనిండా గళ్ళు. అడ్డంగా పట్టీలు, ఒకటి విడిచి ఒకటి. ఆ పట్టీలను చూసి రోగం చెప్పవచ్చు: రెండు తలలలో ఒకటి మూసుకుపోయింది. గీతలు మార్చిమార్చి రెండు తలలూ చదువుతాయి గనుక సగం గీతలు పోయాయి. మా సీమలో గాలిలోని తేమకు టేపుకు బూజు పట్టడం వింత కాదు. శుభ్రపరిచే క్యాసెట్టు పది సెకన్లు వేసి చూస్తే పట్టీలు పోయాయి. గళ్ళు మాత్రం పోలేదు. అప్పుడు తెలిసిన సంగతి, తమ్ముడు టేపు పొదుపు చేయడానికి ‘ఎల్‌పీ’ అనే నిదానపు నడకలో వ్రాశాడని. అరవై నిమిషాల టేపులో తొంభై నిమిషాలు పడతాయి. గీత వెడల్పు 10 మైక్రాన్ల నుంచి 6.7కు తగ్గుతుంది. అంత సన్నని గీతను వ్రాసిన కెమెరా చదివినట్లు మరొకటి చదవడం అరుదు. మరి వ్రాసిన కెమెరాకే చూపు మందగిస్తే?

ఇక్కడే నాకు తెలిసిన విద్య పనికి వచ్చింది. కెమెరా ఒక గడిని చదవలేకపోతే ఖాళీగా వదలదు. ముందరి బొమ్మలోని ముక్కను తెచ్చి అతుకుతుంది. కాని అతికిన సంగతి దాచదు. ప్రతి ముక్క పక్కన ‘ఇది చదివినది’, ‘ఇది ఊహించినది’ అని అంకెలలో గుర్తు పెడుతుంది. స్వకల్పితాన్ని కుండలీకరణాలలో ఉంచిన నిజాయితీ గల పరిష్కర్త! అదీగాక, ఒకే టేపును రెండవసారి నడిపితే లోపాలు అదే చోట రావు. దుమ్ము కదులుతుంది, టేపు బిగువు మారుతుంది. ప్రతి నడకా ఒక ప్రత్యేక ప్రతి. నేను ఆ అబ్బాయితో అన్నాను, ‘అయిదు ప్రతులు చేసి పాఠాంతరాలు చూద్దామురా’ అని. కడపలో బ్రౌనుదొర పండితులను కూర్చోబెట్టి చేయించిన పని అదే కదా: వేమన పద్యాలకైనా మరొకదానికైనా ఎన్ని ప్రతులు దొరికితే అన్ని పోగుచేసి, ఒకదానిలో చెడినచోట మరొకదానితో పూరించడం. వాడు నవ్వి, ‘దానికి సాఫ్ట్‌వేర్ ఉందండీ’ అన్నాడు. డీవీరెస్క్యూ అట. చిత్రభాండారాలవారికోసం కొందరు తయారుచేసి ఉచితంగా ఇచ్చినది. పలు నడకల దస్త్రాలను పక్కపక్కన పెట్టి, ఆ గుర్తులు చదివి, ఎక్కడ ఏ ప్రతి శుద్ధమో ఆ ముక్క ఏరి కొత్త ప్రతి కూరుస్తుంది.

తమ్ముడు అమెరికాలో అదే రకం పాత కెమెరా ఒకటి వెదికి పంపాడు. మా కెమెరాలో మూడుసార్లు, దానిలో రెండుసార్లు నడిపాము. ఒక్కొక్క నడకా గంటన్నర. నేను పక్కనే కూర్చున్నాను. అయిదుసార్లు అమ్మ అదే పాట పాడింది, అయిదుసార్లు మధ్యలో ఆగి, ‘ఇంక చాలురా, గొంతు పట్టింది’ అన్నది.

అయిదు ప్రతులనూ కలిపితే ఎనిమిది చరణాలలో ఏడు సంపూర్ణంగా వచ్చాయి. ఎనిమిదవ దానిలో రెండో పాదం చివర అర సెకను నిశ్శబ్దం. ఏ ప్రతిలోనూ అక్కడ ధ్వని లేదు. లయను బట్టి నాలుగు మాత్రల మాట పోయింది. నాకు తోచిన మాట ఒకటి చక్కగా అతుకుతుంది, అర్థమూ కుదురుతుంది. కాకినాడలో ఉన్న మా అక్కకు ఫోను చేసి ఆ పాదం పాడమన్నాను. ఆమె వేరొక మాట పాడింది. తమ్ముణ్ణి అడిగితే మూడో మాట చెప్పాడు, అదే అమ్మ మాట అని ఒట్టు కూడా వేశాడు.

పాటను నోటుబుక్కులో శుభ్రంగా ఎత్తి వ్రాశాను. ఆ చోట నాలుగు చుక్కలు పెట్టి, పుట అడుగున అక్క మాటను, తమ్ముడి మాటను పాఠాంతరాలుగా చూపించాను. నాది వ్రాయలేదు. మిగిలిన పది టేపులూ ఈ నెలలో మొదలుపెట్టాలి.